రంగు పడని చోటు

రోజు 1

ఈ ఉదయం, పొగమంచును నీళ్ళుగా పట్టే మంచువలను పిండుతుంటే, కింద పెట్టిన దాని పేరు నోటికి రాలేదు. వస్తువు కళ్ళెదుటే ఉంది. నీళ్ళు అందులోకే కారుతున్నాయి. దానికో పేరుందని తెలుసు, ఆ పేరు వేలసార్లు పలికాననీ తెలుసు. పక్క వల పిండుకుంటున్న ఆవిడ "బిందె పొర్లిపోతోంది మాస్టారూ" అన్నాక గానీ నాకది దొరకలేదు. నలభై ఏళ్ళు నిఘంటువులు కూర్చినవాణ్ణి. బిందె కోసం పొరుగావిడ మీద ఆధారపడ్డాను.

ఈ నెలలో ఇది నాలుగో మాట. మొదటి మూడింటినీ వయసు మీదికి నెట్టాను. డెబ్భై ఎనిమిదేళ్ళు నిందలు మోయడానికి బాగా పనికొస్తాయి. ఈసారి మాత్రం పై మెట్టులో ఉన్న ఆసుపత్రికి ఎక్కి వెళ్ళాను. ఎడమ చెవికి పైన, లోపల, ఉసిరికాయంత గడ్డ ఉందట. ఆరు వారాల్లో తీసేయాలి, ఆలస్యమైతే పక్కనున్నదాన్ని తినడం మొదలుపెడుతుంది. ముందు మెదడు పటం తీస్తారు. ఆ పటం చూసి యంత్రం కోస్తుంది. చేత్తో కోసే డాక్టర్లు మెట్టనగరంలో ఎవరూ మిగల్లేదు. సముద్రం డెల్టాను మింగినప్పుడు కొండ ఎక్కి వచ్చిన ఆఖరి ఇద్దరూ ఎప్పుడో పోయారు.

ఇక నుంచి రోజూ కాకపోయినా రాస్తాను. మాట పోయేలోపు కొందరి సంగతి చెప్పి పోవాలి. మొదటివాడు కొల్లూరి దక్షిణామూర్తి. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట పటాల కోసం మాటల జాబితా చేసింది మేమిద్దరమే. నూట ఇరవై మాటలూ నావి. కుర్చీ ఆయనది. ఇవాళ ఆయన పటాల మండలి అధ్యక్షుడు. నేను వలలు పిండుకుంటున్నాను.

రోజు 4

పటం తీయించుకున్నాను.

ఆసుపత్రి వీధి మొత్తం పటం పరీక్షకు కోచింగ్ సెంటర్లే. "నూటికి నూరు గ్యారంటీ" అని బోర్డులు. పిల్లలకు అయిదో క్లాసు నుంచే మొదలుపెడుతున్నారు, ఎప్పటికైనా బుట్టలో తల పెట్టాల్సి వస్తుందేమోనని. దేన్నయినా పరీక్ష చేయగలం, పరీక్షకు గైడు రాయగలం. గైడు రాసింది నేనే. నా నిఘంటువును చెదలు తప్ప ఎవరూ పూర్తిగా చదవలేదు. ఆ గైడు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉంది. సులభంగా నోటికి పట్టాలని నూట ఇరవై బొమ్మల్నీ పదిహేను ఆటవెలదుల్లో పెట్టాను. "కత్తి కోయు కలము కమ్మగా రాసేను" అని మొదలవుతుంది. కవిత్వం కాదని నాకూ తెలుసు. ఈ కొండ మీద నేను వేసిన ముద్ర మాత్రం అదొక్కటే.

బుట్ట అంటే తలకు బోర్లించే స్కానర్. నడిపేది ఖాదర్ బాషా, యాభై దాటిన మనిషి, బొజ్జ, ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. తల కదపకూడదు, పెదవి కదపకూడదు. కత్తి బొమ్మ వస్తే దానితో చేసే పనిని లోపలే అనుకోవాలి: కోయడం. అరనిమిషం బొమ్మలు, అరనిమిషం ఊరికే ఒక చుక్కను చూడటం. మాట వెతుక్కుంటున్నప్పుడు మెదడులో ఏ చోటికి నెత్తురు ఎక్కువ పరుగెత్తుతుందో బుట్ట పసిగట్టి, పటంలో అక్కడ రంగు వేస్తుంది. రంగు పడ్డ చోటును యంత్రం ముట్టుకోదు. రంగు పడని చోటు కోతకు వదిలేసినట్టే. అంతే శాస్త్రం. చెడ్డ శాస్త్రం కాదు.

బయటికొచ్చాక నోటితో చెప్పించారు. నూట ఇరవైకి నూట ఇరవై, రెండు నిమిషాల్లో. ఖాదర్ చప్పట్లు కొట్టాడు.

"రికార్డు మాస్టారూ. క్వశ్చన్ పేపర్ మీదే అయితే మాత్రం, ఈ వయసులో."

సంతోషించాను. ఆ సంగతి కూడా ఇక్కడ రాసి ఉంచాలి.

రోజు 6

పటం వచ్చింది. మూలన ఎప్పటిలాగే నా సంతకం. నగరంలో ఏ పటం మీదైనా అది ఉంటుంది, జాబితా కర్త హామీ అన్నమాట. ఆ సంతకం లేనిదే యంత్రం కత్తి పట్టదు. అది దక్షిణామూర్తి ఏర్పాటు. అప్పట్లో గౌరవమనుకున్నాను. తప్పు జరిగితే పట్టుకోవడానికి ఒక మెడ కావాలని ఆయన ఉద్దేశం.

గడ్డ చుట్టూ తెల్లగా ఉంది. రెండు వేళ్ళ వెడల్పున ఎక్కడా రంగు లేదు. ఎక్కడో వెనక, దూరంగా, నాలుగు మచ్చలు. మంచిదేనని ఖాదర్ అన్నాడు. చుట్టూ అంత ఖాళీ ఉంటే యంత్రం గడ్డను అంచులతో సహా తోడేస్తుందట, మళ్ళీ రాదట.

ఇంటికొచ్చి జావ కాచుకుంటుంటే చేతిలో ఉన్న వస్తువు పేరు పోయింది. పొయ్యి దగ్గర నిలబడి దానికోసం లోపలంతా తడిమాను. నుదుటికి చెమట పట్టింది. చివరికి గరిటె అని దొరికింది. అప్పుడు తెలిసింది. బుట్టలో ఉన్నంతసేపూ ఇలాంటి వెతుకులాట ఒక్కసారి కూడా జరగలేదు. కత్తి కనబడగానే పద్యం దానంతటది నడిచింది, నేను దాని వెనక ఊరికే పోయాను. వెతకనివాడికి రంగెందుకు పడుతుంది?

గడ్డ చుట్టూ ఉన్నది ఖాళీ కాదు. నా మాటలన్నీ అక్కడే ఉండవచ్చు. ఆ రోజు వాటికి పని పడలేదు.

ఈ ముక్క నాకంటే ముందు కనిపెట్టిన మనిషి ఉంది. సీపాన దమయంతి. పాతికేళ్ళ కిందట పటశాలలో రంగులు చదివే ఉద్యోగం చేసేది. ఉప్పుపేట మనిషి. కింది మెట్టు మీదున్న ఆ పేటలో ఉప్పు అన్నది లేదు, మునిగిపోయిన ఉప్పు మళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఉంటారు కనక ఆ పేరు. నా గైడు వచ్చిన రెండేళ్ళకు ఆమె రెండు పేజీల కాగితం రాసింది. పద్యాలు బట్టీ పట్టినవాళ్ళ పటాలు పాలిపోతున్నాయి, ఈ గైడును ఆపాలి అని. మండలి సమావేశంలో నేను లేచి ఆ కాగితాన్ని అందులోని అచ్చుతప్పులతో సహా చదివి వినిపించాను. అందరూ నవ్వారు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాను. అదిప్పుడు రాయలేను. ఆమె వారం తిరక్కుండా ఉద్యోగం మానేసింది.

రోజు 9

ఉప్పుపేట సంతలో చేతులతో బేరమాడే అమ్మకందార్లు ఓ ముప్ఫైమంది ఉంటారు. మాట్లాడరు. వేళ్ళు చూపిస్తారు, తల ఊపుతారు. ఇరవయ్యేళ్ళుగా వాళ్ళ దగ్గరే కూరలు కొంటున్నాను. పాపం, జబ్బు మాటను తీసుకుపోయింది అనుకునేవాణ్ణి. బేరం తొందరగా తెగుతుందని లోపల కొంత సుఖపడేవాణ్ణి కూడా.

ఇవాళ ఖాదర్‌ను వాళ్ళ సంగతి అడిగాను. నమలడం ఆపాడు. పాత పటాలు తీసి వరసగా చూపించాడు. అన్నీ నా పటంలాగే, గడ్డ చుట్టూ తెలుపు. ప్రతి కేసు కిందా "వ్యాధి ఫలితం" అని రాసి ఉంది. ఎన్నాళ్ళనుంచి తెలుసని అడిగాను. తెలియడం వేరు మాస్టారూ, అనుమానం వేరు అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నూటికి నూరు వచ్చినవాళ్ళే ఎక్కువ."

ఉప్పుపేటవాళ్ళే ఎందుకంత మంది అంటే, ఆ గైడులోని పుస్తకాల భాష వాళ్ళ నోటి తెలుగు కాదు. అందుకని అందరికంటే కష్టపడి బట్టీ పట్టారు.

రోజు 12

దక్షిణామూర్తి దగ్గరికి వెళ్ళాను. కాఫీ ఇప్పించాడు, అసలైన కాఫీ. గది గోడకు ఇద్దరం కలిసి ఉన్న ఫోటో ఉంది, నన్ను సగానికి కత్తిరించి ఫ్రేము కట్టించాడు. జాబితా చెడిపోయిందని చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. దమయంతి ఆరోపణ నిరాధారమనీ, జాబితాకు నాదే పూచీ అనీ పాతికేళ్ళ కిందట నేను రాసిచ్చిన ఉత్తరం. దస్తూరి కూడా ఎంతో బాగుంది.

"ఇన్నేళ్ళూ నీ మాట మీదే నడిచాం సోమయాజీ. నువ్వు తప్పన్నవాళ్ళను వెళ్ళిపోనిచ్చాను, నువ్వు ఒప్పన్నదాన్ని ఉంచాను. ఇప్పుడొచ్చి నన్నడిగితే ఎలా?"

ఆ మనిషిని తిట్టడానికి నేను పోగేసుకున్న విశేషణాల్లో ఒక్కటీ సమయానికి రాలేదు. గడ్డ వల్ల కాదు.

లేవబోతుంటే ఒక దారి చూపించాడు. నాకు వేరే పద్ధతిలో ప్రత్యేక పటం తీయించుకోవచ్చు. వ్యక్తిగత సవరణ అని నమోదు చేస్తారు, యంత్రం ఒప్పుకుంటుంది, నా మాట దక్కుతుంది. నేను మాత్రం దీని గురించి ఎక్కడా రాయకూడదు.

"పెద్దవాడివి. నిన్ను పోగొట్టుకోలేం," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళలో ఆయన నాతో అన్న మొదటి మంచి మాట అది. ఆలోచించి చెబుతానన్నాను. నిజంగానే ఆలోచించాను.

రోజు 15

దమయంతి ఇంటికి నూట తొంభై మెట్లు దిగాలి. ఇంటి వసారాలో చాప మీద ఒక మగమనిషి కూర్చున్నాడు, సంతలో నాకు వంకాయలు అమ్మే మనిషే. ఆమె అతనికి అన్నం ముద్ద చూపించి, దాని పేరు అనమంటోంది. అతను నోరు తెరుస్తాడు, మెడ నరాలు ఉబ్బుతాయి, "అ" దగ్గర ఆగిపోతుంది. ఆమె మళ్ళీ చూపిస్తుంది. నన్ను చూసింది, కూర్చోమనలేదు. గంటసేపు నిలబడ్డాను. అతను వెళ్ళాక చేతులు కడుక్కుని వచ్చింది. జుట్టు నెరిసింది. చూపు అదే.

గడ్డ గురించి, పటం గురించి చెప్పాను. నాకు ఆమె సాయం కావాలని చెప్పాను. క్షమించమని కూడా అన్నాను, చాలా బాగా కూర్చుకుని తెచ్చుకున్న వాక్యం.

"అది బాగానే రాసుకొచ్చారు," అంది. "పాతికేళ్ళు నేను చెప్పింది మీ తలకెక్కలేదు. ఉసిరికాయంత గడ్డ వచ్చి చెబితే ఎక్కింది. నాకంటే అదే మంచి మాస్టారు."

చేస్తానంది. నా కోసం కాదంది. బట్టీకి లొంగని తన పద్ధతి పనిచేస్తుందని చూపించడానికి బుట్టలోకి ఎక్కే తల ఆమెకు ఇన్నాళ్ళూ దొరకలేదు, ఏ తలైతేనేం.

రోజు 18

ఖాదర్ మధ్యాహ్నం భోజనాల వేళ బుట్ట ఖాళీ చేసి పెట్టాడు. అంతకుముందు రెండు రోజులు దమయంతి నన్ను కూర్చోబెట్టి నా చిన్నతనం అడిగి రాసుకుంది. ఆమె పద్ధతిలో జాబితా లేదు. ఎవరి బతుకులోంచి వాళ్ళకే ప్రశ్నలు తయారవుతాయి. ఏది అడుగుతారో లోపలికి వెళ్ళేదాకా తెలియదు, కనక బట్టీ పట్టడానికేమీ లేదు.

చెవిలో ఆమె గొంతు వినబడింది. మీ నాన్నగారు కాలువ లాకుల దగ్గర పనిచేశారు కదా, పడవ వచ్చినప్పుడు ఏం చేసేవారు, వరసగా లోపల చెప్పుకోండి. చెప్పుకున్నాను. తలుపులు, ఇనప చక్రం, నీళ్ళ ఎత్తు కొలిచే రాయి. ఆ రాయికి మా ఇంట్లో ఒక పేరుండేది, దానికోసం వెతికాను. మీ అమ్మగారు చేపలవాళ్ళ మీద కసురుకుంటే ఏమనేవారు. వరద వచ్చినప్పుడు ముందు ఏం సర్దేవారు. అరనిమిషం మాటలు, అరనిమిషం చుక్క. ఎన్నేళ్ళయిందో నా బతుకులోంచి నేను మాటను ఇలా వెతుక్కుని.

ఆఖరి ప్రశ్నకు ముందు ఆమె కాస్త ఆగింది.

"ఆ రోజు సమావేశంలో నా కాగితం చదివాక నన్ను ఏమన్నారు? ఎందుకన్నారు? రెండూ చెప్పండి. లోపలే."

నెత్తిన ఉప్పు తట్టలు మోసినవాళ్ళు తలలో ఏముందో మనకు చెప్పడానికి వచ్చారు అన్నాను. అది వెంటనే వచ్చేసింది. ఎందుకన్నానో చెప్పడానికి అరనిమిషం చాలలేదు.

పటం చూశాం. గడ్డను టెంకాయ పీచులా చుట్టుకుని ఎరుపు. రెండు వేళ్ళ తెలుపు అనుకున్న చోట వెంట్రుకవాసి ఖాళీ కూడా లేదు. ఆఖరి ప్రశ్న దగ్గర రంగు అన్నిటికంటే చిక్కగా పడింది. యంత్రం మొదటి పటంతో కోసి ఉంటే నేనూ రేపో మాపో సంతలో వేళ్ళు చూపిస్తూ ఉండేవాణ్ణి.

రోజు 20

రెండు దారులున్నాయి. కొత్త పటాన్ని వ్యక్తిగత సవరణగా పెడితే వచ్చే సోమవారం నాకు కోత, మాట దక్కుతుంది, మిగతా ఊరు ఆటవెలదులు వల్లిస్తూ బుట్టలోకి పోతూనే ఉంటుంది. లేదా రెండు పటాలూ పక్కపక్కన పెట్టి, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని రాయాలి. అప్పుడు యంత్రం ఆగుతుంది. అందరికీ ఆగుతుంది, నాతో సహా. మండలి కొత్త పద్ధతిని పరీక్షించి ఒప్పుకునేదాకా ఎవరి తలా ముట్టుకోదు. అది ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు. నాకు మిగిలింది మూడు వారాలు.

దమయంతి సలహా ఇవ్వలేదు. అడిగితే, అది మీ సంతకం కదా అంది.

సంతకం వెనక్కి తీసుకున్నాను. పుణ్యాత్ముణ్ణి అనిపించుకోవడానికి రాయడం లేదు. అందులో సగం, ఆ ఉత్తరం అందుకున్నప్పుడు దక్షిణామూర్తి ముఖం చూడాలన్న కోరిక. చూశాను కూడా. అనుకున్నంత బాగా లేదు. ముసలి ముఖం, భయపడింది.

రోజు 23

యంత్రం ఆగిపోయిన మూడో రోజు. వరసలో నూటికి పైగా ఉన్నారు. ఉదయం వలల దగ్గరికి ఒక ఆడమనిషి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, తలకు గట్టిగా గుడ్డ బిగించుకుంది. పేరు గనగళ్ల లచ్చమ్మ. ఉప్పుపేట.

"సంతకం ఎనక్కి తీసేసిన పంతులివి నువ్వేనా? గురువారం నా కోత. మూడు నెల్లనుంచి నీ పద్దేలే సదవతన్నాను. పదేనూ వచ్చీసినాయి. ఇప్పుడు ఆపీసినావు. నాను సచ్చిపోతే నా ఇద్దరి గుంటల్నీ నువ్వు సాకుతావేటి?"

చెప్పబోయాను. ఆమె ఆగలేదు, నేను నమ్మడం లేదనుకుందో ఏమో, అక్కడే నిలబడి పదిహేను పద్యాలూ అప్పజెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఒక్క అక్షరం జారలేదు. యతి దగ్గర ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. నా పద్యాలను అంత బాగా చదివినవాళ్ళను నేను చూడలేదు. వింటూ వల పిండటం ఆపేశాను. గురువారం ఆమె తల లోపల ఎంత తెల్లగా ఉండేదో నాకు కనబడుతోంది.

నీ మాట పోయేదమ్మా అన్నాను. ఆమె నావైపు చూసి, ఉమ్మేసి వెళ్ళిపోయింది.

రోజు 41

మండలి ముప్ఫైమంది ఆరోగ్యవంతుల మీద పరీక్ష కోరింది. దమయంతి రోజుకు ఇద్దరిని కూర్చోబెట్టి వాళ్ళ బతుకులు రాసుకుంటోంది. నేను ప్రశ్నలు శుభ్రంగా తిరగరాసేవాణ్ణి. ఇప్పుడు ఈ పేజీ రాయడానికే రోజంతా పడుతోంది, అందుకని కాగితాలు వరసగా పెట్టి ఇస్తున్నాను. ఒకటి రెండుసార్లు నా వాక్యాన్ని ఆమె కొట్టేసింది. ఇది పుస్తకం ప్రశ్న, మనిషి ప్రశ్న రాయండి అంది. సరిగ్గానే చెప్పింది.

నోటి మాట పల్చబడింది. వలల దగ్గర ఆవిడ పలకరిస్తే తల ఊపుతున్నాను. పేర్లు ముందు పోయాయి, తర్వాత పనుల మాటలు. తిట్లు ఇంకా ఉన్నాయి.

కొత్త వరస ప్రకటించారు. ఫిట్స్ వస్తున్నవాళ్ళు ముందు, తర్వాత చిన్నవాళ్ళు, డెబ్భై దాటినవాళ్ళు చివర. అందులో దక్షిణామూర్తి కక్ష ఏమీ లేదు. ఉందనుకుంటే ఈ రాత కొంచెం సులువయ్యేది. న్యాయమైన వరస అది. రేపటితో ఆరు వారాలు.

ఖాదర్ వచ్చాడు. యంత్రం మళ్ళీ మొదలవగానే నా పటాన్ని చాటుగా ముందు పెడతానన్నాడు. కాలం దాటింది. ఎరుపు మీదికి గడ్డ ఎక్కేసిందని బుట్టలో నిన్న ఇద్దరం చూశాం. ఇక కోసినా ప్రాణం కోసమే, మాట కోసం కాదు. వద్దని చెయ్యి ఊపాను.

రోజు 66

ఈ పేజీకి నాలుగు రోజులు పట్టింది. దమయంతి పక్కన కూర్చుని, ఆగినచోట మాట అందించింది. ఆమె మాటలు కొన్ని ఉన్నాయి. ఏవో చెప్పను.

యంత్రం మొదలై పది రోజులు. మొదటి కోత లచ్చమ్మది.

నాలుగు రోజుల కిందట వచ్చింది. తల మీద కుట్లు, సగం గుండు. నేను అరుగు మీద ఉన్నాను. నిలబడే మొదలుపెట్టింది. ఆలస్యం చేసినందుకు తిట్టింది. ఆ ఆలస్యంలో రెండుసార్లు ఫిట్స్ వచ్చి పడిపోయిందట, పెద్ద గుంట బెదిరిపోయి ఇంకా నిద్రపోవడం లేదట. ఆసుపత్రి జావ తిట్టింది. గుండు కొట్టినవాణ్ణి తిట్టింది. బుట్టలో వాళ్ళ అత్త గురించి అడిగారట, లోపలే చెప్పమంటే ఎలా చెబుతాను, అరనిమిషం ఏ మూలకి అని తిట్టింది. ఒక్క మాట తడబడలేదు. ఒక్క మాట రెండోసారి వాడలేదు.

నాకు అంతా అర్థమైంది. అర్థం కావడం ఇంకా పోలేదు.

"ఏటి, పలకవేటి?" అంది.

దమయంతి లోపలినుంచి వచ్చి, ఆయనకిక రాదమ్మా అని చెప్పింది.

లచ్చమ్మ నన్ను చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. అరుగు మీద, నా పక్కన కూర్చుంది. కాసేపయ్యాక, వాళ్ళ అత్త గురించి బుట్టలో చెప్పలేకపోయినవన్నీ మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.